సవరణ: ఎం35 ట్రక్కు బరువు

అమెరికా సైన్యం వాడి వేలం వేసిన ఎం35ఎ2 ట్రక్కును జర్మనీ ట్రక్కు యూనిమోగ్ 404తో పోలుస్తూ మొన్న పెట్టిన పోస్టులో, ఎం35 బరువు రెండున్నర టన్నులేనని, యూనిమోగ్ కంటే తేలికని రాశాను. అది తప్పు. రెండున్నర టన్నులన్నది బండి బరువు కాదు, రోడ్డు లేని నేల మీద అది మోయగల సరుకు, అంటే 5,000 పౌండ్లు. రోడ్డు మీదైతే 10,000 పౌండ్ల దాకా మోస్తుంది. ఖాళీ బండే దాదాపు 6 టన్నులు, యూనిమోగ్ 404కి సుమారు రెట్టింపు. ఎం35 అంకెలు సైన్యం మాన్యువల్‌లోవి. దీన్ని ‘రెండున్నర టన్నుల ట్రక్కు’ అని పిలుస్తారు; ఆ పిలుపులోని అంకెనే బరువు అనుకోవడం నా పొరపాటు. ఈ బండి కొని తెచ్చుకోవాలనుకునేవాళ్లు దయచేసి నా పాత లెక్క నమ్మి ట్రైలర్ మాట్లాడుకోకండి. బురదలో దిగబడితే లాగే తాడు, వించ్ (తాడును చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) కూడా ఈ బరువుకు తగినవే ఉండాలి.