రసీదులో ఆ గడి ఎందుకు?

ల్యాప్‌టాప్ రిపేరుకు ఇస్తే రాసిచ్చే రసీదులో పేరు, ఫోన్ నంబరు, మోడల్, లోపం అనే గడుల పక్కనే తరచూ మరొకటి కనిపిస్తుంది: పాస్‌వర్డ్. వెనక నిలబడ్డవాళ్లకు వినబడేలా అడుగుతారు, మనమూ చెప్పేస్తాం. పెన్నుతో రాసుకుని, ఆ కాగితాన్ని యంత్రానికే అంటించి లోపలికి పంపుతారు. బ్యాటరీ మార్చమన్నా ఇదే తంతు. బ్యాటరీ మార్చడానికి స్క్రూడ్రైవర్ కావాలి గానీ పాస్‌వర్డ్ ఎందుకు?

ఉత్తి అనుమానంతో అంటున్న మాట కాదిది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ల్యాప్‌టాప్‌లలో శబ్దం వచ్చేలా చేసే ఆడియో డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌ను కావాలనే ఆపేసి, లోపల జరిగే ప్రతి కదలికనూ నమోదు చేసే ఏర్పాటు పెట్టి 16 రిపేరు కేంద్రాలకు ఇచ్చారు. నిమిషాల్లో తేలిపోయే పని. ఆరు చోట్ల టెక్నీషియన్లు వ్యక్తిగత ఫైళ్లు తెరిచి చూశారని, రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారని 2022లో వెల్లడించారు. కొందరైతే తాము చూసిన ఆనవాళ్లను చెరిపేశారు. తాను చేస్తున్నది తప్పని తెలియనివాడు జాడలు చెరపడు.

అందరు టెక్నీషియన్లూ అలాంటివారని మేం అనడం లేదు. కొన్ని లోపాలు లాగిన్ అయితే గానీ బయటపడవన్నదీ నిజమే. అలాంటప్పుడు అందుకోసమే ఒక వేరే ఖాతా తెరిచి ఇవ్వవచ్చు, లేదా యజమానిని పిలిపించి ఎదురుగా తెరిపించవచ్చు. అసలు పాస్‌వర్డే కావాలని పట్టుబట్టడం అవసరం కాదు, అలవాటు. అడగ్గా అడగ్గా అది వాళ్లకు హక్కయి కూర్చుంది. ఇవ్వనంటే అనుమానంగా చూడాల్సింది మనల్నేనట!

ఇక కంపెనీల సంగతి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక మానవ హక్కని ప్రపంచానికి పాఠం చెప్పే యాపిల్, 2016లో ఒక విద్యార్థిని రిపేరుకు ఇచ్చిన ఫోన్‌లోని ఆంతరంగిక చిత్రాలను కాంట్రాక్టు కేంద్రం టెక్నీషియన్లు ఆమె ఫేస్‌బుక్ ఖాతాలోనే పెట్టేస్తే, లక్షల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. సంగతి లోకానికి తెలిసింది 2021లో. ప్రకటనల్లో చెప్పే నీతులు రిపేరు కౌంటర్ దాకా రావు కాబోలు.

సాంకేతికత లేక కాదు. రిపేరుకు ఇచ్చేముందు ఫొటోలు, సందేశాలు కనబడకుండా మూసేసే సదుపాయాన్ని శాంసంగ్ 2022లోనే ఫోన్లలో తెచ్చింది. గూగుల్ 2023 డిసెంబరులో పిక్సెల్ ఫోన్లకు ఇచ్చింది. అంతకంటే ఎక్కువ సమాచారం మోసే ల్యాప్‌టాప్‌కు అదే మీట సాధారణ సదుపాయంగా ఎందుకు రాదు? జవాబు చెప్పాల్సిన వాళ్లు ఎదురు పాస్‌వర్డ్ అడుగుతున్నారు.

యజమానులనూ వదలలేం. నాలుగు ఫోల్డర్లు డిలీట్ చేసి నిశ్చింతగా ఇచ్చేస్తారు. రీసైకిల్ బిన్‌లో అవన్నీ భద్రంగా ఉంటాయి. బ్రౌజర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్‌తో సహా అన్నీ సేవ్ అయి ఉంటాయి. లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే కాపాడుతుందన్న నమ్మకం మరో భ్రమ: ఎన్‌క్రిప్ట్ చేయని, అంటే కీ లేనిదే చదవలేని సంకేతాల్లోకి మార్చని, డిస్క్‌ను ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ తలుపుతో పనే ఉండదు. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉన్నది ఇందుకే. చాలా కొత్త యంత్రాల్లో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. తీరా మదర్‌బోర్డు మార్చాక బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగితే, అదెక్కడుందో తెలియక యజమానే బయట నిలబడతాడు. ఆ కీ ముందే రాసిపెట్టుకోవాలి. బ్యాకప్ తీసి ఇంట్లో ఉంచుకోవాలి, ఖాతాలన్నిటి నుంచీ సైన్ అవుట్ కావాలి. డిస్క్ ఊడదీయగలిగేదైతే, లోపం దానిది కానప్పుడు, తీసుకునే ఇవ్వాలి. ఇవన్నీ యంత్రం పనిచేస్తున్నప్పుడే చేయాలి. తెర నల్లబడ్డాక బ్యాకప్ తీయాలంటే ఎలా?

ఎన్ని జాగ్రత్తలు చెప్పినా, తాళం చెవి అడుగుతున్నవాణ్ని వదిలేసి ఇచ్చేవాడినే తప్పుపట్టడం మాకు సమ్మతం కాదు. పాస్‌వర్డ్ ఎందుకు కావాలో, ఎవరు వాడారో, ఏ ఫైలు తెరిచారో రాతపూర్వకంగా చెప్పలేని రిపేరు కేంద్రానికి దాన్ని అడిగే అర్హత లేదు. అడిగి రాసుకున్న కాగితాలు ఏ చెత్తబుట్టలో పడుతున్నాయో చెప్పలేని కంపెనీ గోప్యత గురించి ఇంకో ప్రకటన ఇవ్వకపోతేనే మర్యాద. కొత్త విధానం రూపొందిస్తున్నాం, కమిటీ వేశాం అని సాగదీయొద్దు. రసీదులో ఆ గడి కొట్టేయడానికి పెన్ను చాలు.