ఆరా కనిపించింది, చిగుళ్ళు కనిపించలేదు

హైదరాబాద్‌లో కొండాపూర్ మొదలు కోకాపేట దాకా గేటెడ్ కమ్యూనిటీల్లోని కుక్కలు, పిల్లుల అదృష్టం పండింది. ఒంటినీ మనసునీ కలిపి చూస్తామనే హోలిస్టిక్ వైద్యం నేరుగా ఇంటికే వస్తోంది. వచ్చినాయన్ని డాక్టరనడం అపచారం, ఆయన పెట్ హీలర్. సంచి విప్పితే లావెండర్ నూనె, టీ ట్రీ నూనె, ధూపం పుల్లలు, దారానికి వేలాడే స్ఫటికం, చక్కెర గుళికల సీసాలు, ఫీజు కోసం లామినేట్ చేయించిన క్యూఆర్ కోడ్. థర్మామీటర్ మాత్రం ఉండదు. ఏ మందుల షాపులోనైనా రెండు మూడు వందలకు దొరికే ఆ పుల్ల ఈ మహానుభావుల సంచిలోకి ఎందుకు ఎక్కదన్నదే ఇవాళ్టి నా ఏడుపు.

సన్నివేశం మీకు తెలియనిది కాదు. లాబ్రడార్ బ్రూనో రెండు రోజులుగా గిన్నె ముట్టడం లేదు. లాబ్రడార్ తిండి మానేసిందంటే ఎవరికైనా గుండె గుభేలుమనాలి. హీలర్ గారు మాత్రం నింపాదిగా కళ్ళు మూసుకుని బ్రూనో వెన్ను మీద స్ఫటికాన్ని వేలాడదీసి వాడి ఆరా, అంటే ఒంటి చుట్టూ ఉంటుందనే కాంతివలయం, చూస్తారు. మామూలు రోజైతే వాడు దాన్ని దారంతో సహా మింగేసేవాడు. ఇవాళ వాసన కూడా చూడలేదు. ఆ గదిలో జరిగిన అసలైన వైద్య పరీక్ష అదొక్కటే, దాని ఫలితం ఎవరూ రాసుకోలేదు.

"మేడమ్, ఈ మధ్య ఇంటికి కొత్తగా ఎవరైనా వచ్చారా?"

"మా అత్తయ్యగారండీ, తెనాలి నుంచి."

"అదీ సంగతి. ఆవిడ మనసులో బరువంతా వీడు తన లివర్‌లోకి లాక్కున్నాడు."

సదరు బరువుగల అత్తగారు అప్పటికే కళ్ళజోడు సర్దుకుని కుక్క చెవి తిరగేస్తున్నారు. "ఇవేంటే అమ్మాయ్, పిడుదులు! కాలివేళ్ళ సందుల్లో కూడా ఉన్నాయి."

"అమ్మగారూ, నెగెటివ్ మాటలొద్దు. వాడికి అన్నీ అర్థమవుతాయి."

తర్వాత తీర్పు వెలువడుతుంది. మూలాధార చక్రం మూసుకుపోయింది. చేపల తొట్టి నైరుతిలోంచి కదలాలి. ఫొటో వాట్సాప్ చేస్తే రాత్రి పదకొండింటికి దూరం నుంచే హీలింగ్. కళ్ళు స్పష్టంగా పడాలి, లేకపోతే సిగ్నల్ అందదు. అమ్మగారు నెగెటివ్‌గా పట్టుబట్టారు కాబట్టి, పిడుదులకు నేతిలో వేయించిన వెల్లుల్లి రెండు పూటలా, ఒంటికి టీ ట్రీ నూనె. ఇంట్లో పిల్లి కూడా ఉందన్నారు కదా, దానికీ అదే పూయండి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, పిల్లులకైతే ఇంకా చేటు. పిడుదులు అంటించే టిక్ ఫీవర్‌తో అసలే నెత్తురు తగ్గుతున్న కుక్కకు రోజూ వెల్లుల్లి ముద్ద! టీ ట్రీ నూనెను విరిచే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. పిల్లి ఒళ్ళు నాక్కోకుండా ఉండదు. సాయంత్రానికి తూలుతుంది, వణుకుతుంది. "సహజం" అని సీసా మీద రాసినంత మాత్రాన పిల్లి కాలేయం మెత్తబడదు. (పిడుదులు చావడానికి కుక్కలకు వేసే పర్మెత్రిన్ చుక్కలు పిల్లి మీద వేసే ఘనులూ, ముక్కు కారుతోందని పారాసిటమాల్ ఇచ్చే ఘనులూ వేరే ఉన్నారు. ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి.)

"అయినా మావాడు కోలుకున్నాడుగా" అంటారు. కోలుకుంటాడు, అక్కడే ఉంది మోసం. ఆ టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీకియా అనే క్రిమి సోకిన మొదటి దశలో జ్వరం, నీరసం కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గొచ్చు. ఆ పుణ్యం స్ఫటికం ఖాతాలో పడుతుంది, వాట్సాప్ గ్రూపులో అయిదు నక్షత్రాలు పడతాయి. క్రిమి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నక్కి ఉండి, ఎముకల్లోని మూలుగను దెబ్బతీశాక ముక్కు నుంచి నెత్తురై బయటపడుతుంది. మొదట్లోనే ఊదా మూత గొట్టంలో కాస్త రక్తం తీసి ప్లేట్‌లెట్లు చూసి ఉంటే, సాధారణంగా 28 రోజుల డాక్సీసైక్లిన్ కోర్సుతో పోయేది. ఇక కుక్క మీద కనిపించే పిడుదులు కొన్నే. గుడ్లు గోడ పగుళ్ళలో, సోఫా వెనకాల ఉంటాయి. చేపల తొట్టిని జరిపిన చేత్తో సోఫా జరిపినా పుణ్యం దక్కేది.

ఇంతకీ చేయాల్సిందేమిటి? థర్మామీటర్ మొనకు వాజలిన్ రాసి, మలద్వారంలోకి అంగుళం పెట్టి, బీప్ వినేదాకా ఆగాలి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే, 103.5 దాటితే జ్వరం. పైపెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. పాలిపోయినా, సూదిమొనంత ఎర్రచుక్కలు కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి. నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటకూడదు. మొత్తం అయిదు నిమిషాల పని. ఆరా చూడటానికి గంట పడుతుంది.

ఇంటికొచ్చే వైద్యం మీద నాకేం కోపం లేదు. ఆటోలో బుట్టలో కూర్చోబెట్టిన పిల్లికి భయంతోనే గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి, ఇంట్లో చూస్తేనే నిజం తెలుస్తుంది. ముసలి కుక్క నున్నటి టైల్స్ మీద ఎలా జారుతోందో క్లినిక్ బల్ల మీద కనిపించదు. తెలిసిన వైద్యుడు ఆ టైల్స్ మీద రబ్బరు చాపలు వేయిస్తాడు, బరువు తగ్గిస్తాడు, కీళ్ళనొప్పికి మందులతో పాటు ఆక్యుపంక్చర్ కూడా చేయవచ్చు. టీకాలను ఐస్ పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య తెస్తాడు. మూత్రం బిగుసుకుపోయి ఇసుక తొట్టిలో ముక్కుతున్న మగపిల్లిని చూస్తే మలబద్ధకమని ఆముదం పట్టించడు, "నా చేతిలో లేదు, ఇప్పుడే బయల్దేరండి" అంటాడు. ఆ ఒక్క మాట హీలర్ నోట రాదు.

టీకాల బదులు గుళికలిచ్చేవాళ్ళను మాత్రం ఏమనాలి? నలభై అయిదు రోజుల పిల్లకు టీకా "విషం" అని చెప్పి గుళికలు పోసి పోతారు. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి నెత్తురు విరేచనాలవుతుంటే, నీటి చుక్క కడుపులో నిలవని ఆ పిల్లకు నరంలో సెలైన్ కావాలి, నాలుక మీద తీపి కాదు. ఇక రేబిస్! లక్షణాలు బయటపడ్డాక కుక్కా మిగలదు, మనిషీ మిగలడు. మూడు నెలల వయసులో వేయాల్సిన సూదిని మాన్పించినవాడు ఆ కుక్కతో ఒకే లిఫ్టులో ఎక్కే పిల్లలందరి ప్రాణాలతో జూదమాడుతున్నాడు. దానికి ఫీజు కూడా పుచ్చుకుంటున్నాడు. సిగ్గులేదా?

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసేవారికి రిజిస్ట్రేషన్ ఉండాలి. అయిదున్నరేళ్ళు చదివితే గాని ఆ నంబరు రాదు. ఫ్లాట్ నంబరు చెప్పేముందు ఆ నంబరు అడగండి. నంబర్లతో ఎనర్జీ దెబ్బతింటుందని ఆయనంటే, ఫీజూ నంబరే కదా స్వామీ అని చెప్పి లిఫ్టు బటన్ మీరే నొక్కండి.