రెండో కిస్తు గారికి, హనుమకొండ నుంచి

గౌరవనీయులైన రెండో కిస్తు గారికి,

ఓరుగల్లులో వైద్య పరికరాలు తయారుచేస్తామని సర్కారు గ్రాంటు తీసుకున్న చిన్న కంపెనీలు నమస్కరించి రాసుకున్న ఉత్తరం.

మీ అన్నగారు మొదటి కిస్తు చెప్పినట్టే వచ్చారు. ఒప్పందం మీద సంతకాలయ్యాయి, గ్రాంటు కోసం విడిగా ఖాతా తెరిచాం, పైసలు పడ్డాయి, ఎవరో శాలువా కూడా కప్పారు. శాలువా బీరువాలో భద్రంగానే ఉంది. మీ అన్నగారే జీతాలుగా, సర్క్యూట్ బోర్డులుగా, ఒక ఓసిల్లోస్కోపుగా మారి వెళ్లిపోయారు. పోతూ పోతూ "తమ్ముడు నా వెనకనే వస్తున్నాడు" అన్నారు. మేడారంలో సమ్మక్క రెండేళ్లకోసారి గద్దెకొస్తుంది. ఏ రోజొస్తుందో నెలల ముందే తెలుస్తుంది కాబట్టి ఆర్టీసీ కూడా బస్సులు సర్దుకుంటుంది. మీ రాకకు అట్లాంటి పంచాంగమేదీ ఇంతవరకు అచ్చు కాలేదు.

మీ ఖాన్‌దాన్ చిన్నదేమీ కాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2005లో ఎస్‌బీఐఆర్ఐ పథకం పెట్టి చిన్న కంపెనీల పరిశోధనకు చేయూతనివ్వడం మొదలుపెట్టింది. 2012లో ఇట్లాంటి గ్రాంట్లు పంచే ప్రభుత్వ సంస్థ బైరాక్ పుట్టింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన పేరు 'బిగ్', అంటే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్. ఆలోచన నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి 50 లక్షల దాకా పైసలు, 18 నెలల గడువు. శాస్త్ర సాంకేతిక విభాగం వాళ్ల నిధి-ప్రయాస్ నమూనా చేసుకోవడానికి 10 లక్షల దాకా ఇస్తుంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో గ్రాంటు 20 లక్షల దాకా. వీటిలో చాలావరకు కంపెనీలో వాటా అడగవు. ఓడిపోతే ఇల్లు వేలం వేయవు. ఇంత మంచి పైసలు ఇంకెక్కడా దొరకవని మేమూ ఒప్పుకుంటాం, అందుకే కదా ఈ ఎదురుచూపు. కానీ పథకం ఏదైనా మీ తీరు మాత్రం ఒకటే. మైలురాయి దాటామని, అంటే ఒప్పుకున్న పని పూర్తిచేశామని, రుజువు చూపిస్తేనే గడప తొక్కుతారు.

ఆ మైలురాయి సంగతే మాట్లాడదాం. దాన్ని పాతింది మేమే. దరఖాస్తు రాసే రోజుల్లో, గెలవాలన్న ఉత్సాహంలో, మా చేతులతో మేమే పాతుకున్నాం.

ఉదాహరణకు వేలికి క్లిప్పు పెట్టి, సూది గుచ్చకుండా రక్తహీనత పసిగట్టే పరికరం అనుకోండి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దరఖాస్తు మొదటి పేరా దానంతటదే రాసుకుపోతుంది. అసలు కథ మైలురాళ్ల పట్టిక దగ్గర మొదలవుతుంది. "ఆరో నెల: నమూనా సిద్ధం, ఆసుపత్రిలో పరీక్ష పూర్తి" అని ఒక్క గడిలో రాసేస్తారు. ఆ గడిలో ఎంత మంది మనుషులు ఇరుక్కున్నారో లెక్కేయండి. రక్తహీనత ఉన్నవాళ్లను 90 శాతం సరిగ్గా పట్టుకుంటుందని చెప్పాలి, అటూ ఇటూ 5 శాతం తేడాకు మించకూడదు, 95 శాతం నమ్మకం ఉండాలి అంటే రక్తహీనత ఉన్నవాళ్లే 139 మంది కావాలి. వచ్చేవాళ్లలో 57 శాతం మందికి ఉంటుందనుకుంటే మొత్తం 244 మంది. మధ్యలో మానేసేవాళ్లు, పాడైపోయే శాంపిళ్లు పదిశాతం కలిపితే దాదాపు 270 అవుతుంది. ఆరు నెలల్లో ఇంతమందీ పూర్తి కావాలన్నమాట, అదీ పరికరం ఇంకా ప్రయోగాలకు వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీదున్నప్పుడు.

వాళ్ల వేలికి క్లిప్పు పెట్టడానికి ముందు దాటాల్సిన గుమ్మాలు మీకు తెలియనివి కావు. ఆసుపత్రితో ఒప్పందం. ఆ ఆసుపత్రిలో ప్రధాన పరిశోధకులుగా ఉండటానికి ఒప్పుకునే డాక్టరు. నైతిక కమిటీ అనుమతి. పరికరాన్ని పరీక్ష కోసం తయారుచేసుకోవడానికి ఎండీ-12 ఫారంతో అడిగి తెచ్చుకునే ఎండీ-13 లైసెన్సు. మొదటి మనిషిని చేర్చుకునే ముందే క్లినికల్ పరీక్షల జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు, చేర్చుకున్నాక చేస్తే లెక్కలోకి రాదు. వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా కంపెనీ చేతిలో లేదు. గడువు పరుగు మాత్రం మొదటి రోజు నుంచే మొదలవుతుంది.

ఓరుగల్లుకు ఈ పనికి కావాల్సినవన్నీ ఉన్నాయి. కాకతీయ మెడికల్ కాలేజీ, ఇప్పుడు ఎన్ఐటీ అంటున్న రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ రెండూ 1959లోనే మొదలయ్యాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి రోగులు ఎంజీఎం ఆసుపత్రికి వస్తారు. ఒక కాలేజీలో నాడి, ఇంకో కాలేజీలో సోల్డరింగ్ ఐరన్, మధ్యలో ఆటో దూరం. అయినా ఒక చోటి మనిషి ఇంకో చోటికి పరికరం పట్టుకుపోవాలంటే కావాల్సిన కాగితాలు చూస్తే ఆటోకు బదులు ట్రాలీ మాట్లాడుకోవాల్సి వస్తుంది.

నైతిక కమిటీని తిట్టడం మా ఉద్దేశం కాదు. రోగి తరఫున అడిగే మనిషి ఒకరుండాలి. అక్కడ ఫైలు ఆగేది చాలాసార్లు పెద్ద అభ్యంతరాలతో కాదు, చిన్న కాగితాలు లేక. తెలుగులో, ఉర్దూలో అంగీకార పత్రం ఉండదు. ఉన్నా దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసిన ప్రతి ఉండదు. మనుషుల మీద పరీక్షలు సక్రమంగా చేయడంలో శిక్షణ పొందారని చెప్పే పరిశోధకుల జీసీపీ సర్టిఫికెట్టు పాతబడి ఉంటుంది. పాల్గొన్నవాళ్లకు హాని జరిగితే ఖర్చెవరు భరిస్తారో రాసిన వాక్యం, బీమా పత్రం ఉండవు. ఒక్క కాగితం తక్కువైతే ఫైలు వచ్చే మీటింగుకు పోతుంది. మీటింగుకు కోరం కూడా కావాలి, పరీక్షల సీజన్లో కోరం దొరకదు. ఆ రెండు మూడు నెలలూ ఇంజనీర్లు పరికరానికి రంగు మార్చుకుంటూ కూర్చుంటారు, జీతాలు మాత్రం మీ అన్నగారి ఖాతాలోంచి పోతూనే ఉంటాయి.

కాగితాలన్నీ దాటాక భౌతికశాస్త్రం ఎదురొస్తుంది. ఆక్సిజన్ కొలవడానికి 660, 940 నానోమీటర్ల రెండు ఎల్ఈడీలు చాలు, కానీ హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పాలంటే ఇంకొన్ని తరంగదైర్ఘ్యాలు కావాలి. వేళ్లు చల్లబడి రక్తం సరిగ్గా పారకపోతే సిగ్నలు సన్నబడుతుంది. గోరింటాకు, గోళ్ల రంగు వెలుతురును మింగేయొచ్చు. కాబట్టి పెళ్లిళ్ల నెలలో పరీక్ష పెట్టుకున్నవాడికి పాఠం దొరుకుతుంది తప్ప డేటా దొరకదు. ఏ వేలు వాడాలి, గోరింటాకు ఉంటే ఏం చేయాలి అన్నది ప్రోటోకాల్లో ముందే రాసుకోవాలి. తర్వాత మార్చాలంటే సవరణ పత్రంతో మళ్లీ అదే కమిటీ ముందు నిలబడాలి. పోల్చడానికి వేలి చివర గుచ్చిన రక్తబొట్టు వాడితే ఒక్కో బొట్టుకు ఒక్కో అంకె వస్తుంది, అప్పుడు తప్పు పరికరానిదో బొట్టుదో బ్రహ్మకు కూడా తెలియదు. నరం నుంచి తీసి, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో ల్యాబు ఎనలైజర్‌కు పంపాలి. క్లిప్పు పెట్టిన సమయం, రక్తం తీసిన సమయం రెండూ రాయాలి.

ఇంకొకటి, చాలామంది చివర్లో చూసేది: ఛార్జింగు. పరికరం బ్యాటరీ మీద నడిచినంతసేపు ఐఈసీ 60601-1 విద్యుత్ భద్రతా పరీక్ష సులువే. ఛార్జింగులో ఉండగా కూడా వేలికి పెట్టొచ్చు అన్నారా, గోడ కరెంటు రోగి దాకా వచ్చినట్టే లెక్క. బజారులో దొరికే ఫోను ఛార్జర్‌తో ల్యాబుకు పోతే కరెంటు లీకేజీ పరీక్ష దగ్గర ఆగిపోతారు. శరీరానికి తగిలే బీఎఫ్ రకం భాగాలకు రోగి వైపు లీకేజీ మామూలుగా 100 మైక్రోఆంపియర్లు, ఏదో ఒక లోపం వచ్చినప్పుడు 500 దాటకూడదు. వైద్యానికి తగ్గ ఛార్జరు కొనాలి, లేదంటే ఛార్జింగు పెడితే కొలత ఆగిపోయేలా సర్క్యూటు మార్చాలి. రెండోది చవక. కానీ ఈ ముచ్చట బోర్డు డిజైన్ చేసేటప్పుడే తెలిసుండాలి, ల్యాబులో డబ్బు కట్టాక కాదు. వేలికి తగిలే ప్లాస్టిక్కు, రబ్బరుకు ఐఎస్ఓ 10993 ప్రకారం కణాల మీద విషప్రభావం, చర్మం మంట, అలర్జీ పరీక్షలు వేరే.

ఇక మీ గుమ్మం ముందు కర్ర పట్టుకుని నిలబడే యూసీ గారి సంగతి. కేంద్ర సర్కారు ఆర్థిక నియమాలైన జీఎఫ్ఆర్ 2017లోని 12-ఏ ఫారం నమూనాలో, సీఏ సంతకంతో, ఆ సంతకం అసలుదేనని సరిచూసుకునే 18 అక్షరాంకెల యూడీఐఎన్ నంబరుతో రావాల్సిన వినియోగ ధ్రువపత్రమది. ప్రజల పైసలకు లెక్క అడగడం న్యాయమే. కానీ లెక్క తప్పేది ఎక్కడో చెప్తాం, వినండి. ఒక సలహాదారుకు లక్ష రూపాయల బిల్లు, పదిశాతం టీడీఎస్ పట్టుకుని 90 వేలు గ్రాంటు ఖాతా నుంచి పంపుతారు. మిగిలిన పదివేలు కంపెనీ మామూలు ఖాతా నుంచి ప్రభుత్వానికి కడతారు. ఖర్చుల పట్టికలో లక్ష, బ్యాంకు స్టేట్‌మెంటులో 90 వేలు. ఫైలు వెనక్కి. టీడీఎస్ కూడా గ్రాంటు ఖాతా నుంచే కడితే గొడవుండదు. విడిభాగాలకు 50 వేలు, జీఎస్టీ 9 వేలు, మొత్తం 59 వేలు చూపిస్తారు. అదే 9 వేలకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపు, తీసుకుంటారు. రెండు చోట్లా తినడం కుదరదు, క్రెడిట్ తీసుకుంటే గ్రాంటులో 50 వేలే చూపాలి.

ప్లాస్టిక్ భాగాలు పోసే అచ్చు (మోల్డు) తయారీకి ఇచ్చిన అడ్వాన్సు ఖర్చు కాదు, అచ్చు వచ్చి బిల్లు పడ్డాకే ఖర్చు. ప్రయాణాల పద్దులో మిగిలింది కదా అని దాంతో సెన్సర్లు కొంటే అనుమతి లేని మళ్లింపు. కంపెనీ కరెంటు ఖాతాకు వడ్డీ రాదు, అయినా వడ్డీ గడి ఖాళీగా వదిలితే ప్రశ్న వస్తుంది, సున్నా అని రాయాలి. ఇంకో తిరకాసు, యూసీ ఆర్థిక సంవత్సరం ప్రకారం మార్చి 31 దగ్గర ముగుస్తుంది, మైలురాయి ఆగస్టులో ముగియొచ్చు. అప్పుడు యూసీ ఒకటి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఖర్చుల పట్టిక ఇంకొకటి. రెండింటి మధ్య మిగులు రూపాయి తేడా లేకుండా అతకాలి.

మీరు రాని నెలల్లో కంపెనీ ఎట్లా బతుకుతుందో ఎవరూ అడగరు. ఏ ఫారంలోనూ ఆ గడి లేదు. నివేదిక పంపాక మెంటర్ వచ్చి చూడాలి, నిపుణుల కమిటీ కూర్చోవాలి, వాళ్లు అడిగిన దానికి జవాబివ్వాలి, తర్వాత లెక్కల విభాగం చూడాలి. కమిటీలో పది నిమిషాల సమయమిస్తే అందులో నాలుగు నిమిషాలు "ఇది చైనాలో చవగ్గా దొరుకుతుంది కదా" అన్న ప్రశ్నకే పోతాయి. ఆలోపు ఇద్దరు ఇంజనీర్లలో ఒకరికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుంది. పరికరాన్ని నడిపే ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్, ఆయన బుర్రలోనే ఉంటుంది. మీరు వచ్చేసరికి మిమ్మల్ని ఖర్చుపెట్టే మనిషి ఉండడు.

అందుకని ఇకమీదట మిమ్మల్ని పిలిచే పద్ధతి మార్చుకుంటున్నాం. మొదటి మైలురాయిలో మా చేతిలో ఉన్న పనులే రాస్తాం: పనిచేసే బోర్డులు అయిదు, బెంచి మీద పరీక్షల నివేదిక, నైతిక కమిటీకి దరఖాస్తు పెట్టిన రసీదు. గమనించగలరు, అనుమతి కాదు, రసీదు. రోగుల సంఖ్య రెండో మైలురాయికి పోతుంది. ఆసుపత్రి ఒప్పందం, డాక్టరు అంగీకార పత్రం గ్రాంటు ఫలితం రాకముందే చేతిలో పెట్టుకుంటాం. మూడు నెలల జీతాలకు సరిపడా సొంత డబ్బు విడిగా ఉంటేనే ఒప్పందం మీద సంతకం. ఇంజెక్షన్ మోల్డు చేయించేది డిజైన్ ఖరారయ్యాకే, అప్పటిదాకా త్రీడీ ప్రింటుతో నెట్టుకొస్తాం. ఆలస్యం అవుతుందని తెలిసిన రోజే గడువు పెంచమని రాస్తాం, గడువు దాటాక కాదు. అట్లా పెంచితే నెలలు వస్తాయే తప్ప రూపాయి రాదన్న సంగతీ గుర్తుంచుకుంటాం.

మీరు మాత్రం ఒక్కటి చేయండి. కాగితాలు సరిగ్గా ఉన్నాయన్నాక ఎన్ని రోజుల్లో వస్తారో ఒక తేదీ చెప్పండి. గడువులన్నీ మాకే ఉండి, మీకు ఒక్కటీ లేకపోవడం ఒప్పందం కిందికి రాదు, వరం కిందికి వస్తుంది.

ఇట్లు,
ఓరుగల్లు చిన్న కంపెనీలు

జతపరచినవి: మైలురాయి నివేదిక, యూసీ, ఖర్చుల పట్టిక, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆస్తుల జాబితా, ఓసిల్లోస్కోపు మీద గ్రాంటు స్టిక్కరు అంటించిన ఫొటో.

తా.క. మీ చిన్న తమ్ముడు చివరి కిస్తు గారి ఆచారం ఇంకా గొప్పదట. చాలా పథకాల్లో పని మొత్తం ముగిసి, సొంత పైసలతో ఖర్చుపెట్టి, లెక్కంతా చూపించాకే వస్తారట. ఆయనకు వేరే ఉత్తరం రాస్తాం. ముందు మీరు రండి, స్టాంపు కొనుక్కోవాలి.