మా పేట నెట్ బాబు ప్రజాసేవ

కర్నూలు మే నెల ఎండలో బండేసుకుని ఇల్లిల్లూ తిరగడం ఎవరికీ సరదా కాదు. అందుకే మా పేట నెట్ బాబు కనిపెట్టిన పథకాన్ని మనసారా అభినందిస్తున్నాను. కనెక్షన్ ఇచ్చిన ప్రతి ఇంట్లో 192.168.1.1 అనే రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి, రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే ఆ పేజీని బయటి నుంచి కూడా తెరిచే వీలు, ఆన్ చేసి పోతాడు. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. ఇక నెట్ సతాయించినా ఆయన రానక్కర్లేదు. సి.క్యాంప్‌లో ఉగ్గాని బజ్జీ తింటూ, ఎడమ చేత్తో ఫోన్ నొక్కుతూ మన రౌటర్‌లో దిగుతాడు.

"నీకొక్కడికేనా, ఎవరైనా రావచ్చా?" అని అడిగాను. జాలిగా చూశాడు. "అందరికీ ఓపెన్ పెట్టినా సార్. నా ఫోన్ ఐపీ, అదే నెట్‌లో దాని అడ్రసు, మారుతుంటాది కదా."

భద్రతకూ ఏర్పాటుంది. "లోపలికొచ్చే పోర్టు, అదే తలుపు నంబరు, 80 తీసేసి 8080 పెట్టినా. ఎవనికీ తెల్దు." నిజమే, ఆయనకూ, లోకంలో తెరిచున్న పోర్టులు వెతికే స్కానర్ నడిపే ప్రతి వెధవకూ తప్ప ఎవరికీ తెలీదు.

కొండారెడ్డి బురుజు నుంచి గద్వాలకు సొరంగం ఉందని ఊళ్లో చెప్పుకుంటారు. ఉంటే ఉండొచ్చు గానీ, తవ్వినవాళ్లు దాని మొగదల్లో 'దారి ఇటు' అని బోర్డు మాత్రం పెట్టలేదు.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసిన ఘనకార్యం ఇంతే. అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డులు పట్టుకుని టెల్‌నెట్ అనే పాతకాలపు రిమోట్ లాగిన్ దారి తెరిచున్న కెమెరాల్లో, రౌటర్లలో దూరి వాటిని తన సైన్యం చేసుకుంది. ఆ అక్టోబరు 21న ఆ సైన్యమే డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ (సైట్ పేరు చెబితే దాని ఐపీ చూపించేది) మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి తడబడ్డాయి. అడ్మిన్-అడ్మిన్ ఆ జాబితాలో ఉంది బాబూ!

కొన్ని ఇళ్లను దేవుడే కాపాడుతున్నాడు. వాళ్ల రౌటర్‌కు 100.64తో మొదలయ్యే ఐపీ వస్తుంది, అది కంపెనీ లోపల వాడుకునేది, బయటివాడు నేరుగా రాలేడు. జాగ్రత్త వల్ల కాదు, ఇంటికొకటి ఇవ్వడానికి చాలని బయటి ఐపీల కరువు వల్ల.

మా వీధి చివర పెద్దావిడకు ఆ అదృష్టం లేదు. ఒక్కతే ఉంటుంది. బెంగళూరులో ఉన్న కొడుకు చూసుకోడానికని హాల్లో కెమెరా పెట్టించాడు. రౌటర్ చేజిక్కినవాడు ఆ కెమెరాకు బయటి నుంచి దారి తెరవగలడు, డీఎన్ఎస్ మార్చి ఆమెను దొంగ పేజీకి తోలగలడు. డబ్బులు లెక్కపెట్టి తీసుకున్నావు కదా, పాస్‌వర్డ్ మార్చడానికి నిమిషం పట్టదు, ఆ నిమిషం ఏమైంది? బయటి నుంచి రావడం అంత అవసరమైతే నీ ఆఫీసు ఐపీ ఒక్కదానికే అనుమతి పెట్టు, లేదా వీపీఎన్ అనే తాళమున్న చాటు దారి పెట్టుకో. ముసలామె ఇల్లు ఊరందరికీ తెరిచిపెట్టడానికి నువ్వెవడివి?

ఆమె కొడుక్కి ఫోన్ చేసి చెప్పి, ఆ ఆప్షన్ ఆపేసి పాస్‌వర్డ్ మార్చాను. మర్నాడు నెట్ బాబు నన్ను వీధిలో ఆపాడు.

"సార్, మంచిగుండే సిస్టమ్ చెడగొట్టినారు."