సవరణ: అంతర్వేదిలో అంత వాలు లేదండీ

పోయిన వారం అంతర్వేది గురించి రాస్తూ "గుడి దాటాక చిన్న దారే, కానీ నిటారుగా దిగితే అఖాతం" అన్నాను. మా అత్తయ్యగారి ఊరివాళ్లు ఫోన్ చేసి ఒకటే నవ్వు, కోనసీమలో నీకు కొండ ఎక్కడ కనపడిందిరా అని. నిజమే, తప్పు నాదే. నేను ఆయాసపడి దిగింది నరసాపురం వైపు, ఏటిగట్టు మీంచి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) రేవులోకి. ఆటు వేళ కదా, నీళ్లు వెనక్కి పోయి రేవంతా ఒండ్రు మట్టి, ఒక చెప్పు అందులోనే ఇరుక్కుపోతే చేత్తో పీక్కుని ఒంటికాలి మీద గెంతుతూ పంటు ఎక్కాను. రెండు చోట్లనీ కలిపేసి రాసేశాను. గుడి నుంచి సముద్రం దాకా నేల చదునే, కష్టమల్లా ఇసుకలో కాళ్లు దిగబడటమే.

ఇంకోటి, అది అఖాతం కాదు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, దాన్నే అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఆ పాయ పేరు గౌతమి అని కూడా తప్పు రాశాను, గౌతమి యానాం వైపు పాయ. అఖాతం కావాలంటే కాకినాడ వెళ్లాలి, హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డంగా ఉండి లోపల నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి.

సంగమం దగ్గర "హాయిగా ఈదొచ్చు" అన్న ముక్క పూర్తిగా తీసేశాను. ఏటి లాగుడు, సముద్రం పోటు రెండూ కలిసే చోటది, ఒడ్డున ఎండ్రకాయల వెంట పరుగెత్తండి చాలు.