జన్యువు వచ్చింది, ఒప్పందం ఏది?

సాంబ మసూరిలో జన్యువును సవరించి భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన 'కమల' వరిని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. అప్పటి నుంచి మన దగ్గర చర్చంతా రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. దిగుబడి నిజంగా పెరుగుతుందా? తింటే ఏమైనా అవుతుందా? రెండూ అడగాల్సినవే. కానీ పత్తి చేల మధ్య పెరిగిన వరంగల్ వాణ్ని కాబట్టి నాకు వీటికంటే ముందు ఇంకో ప్రశ్న తడుతుంది. ఆ విత్తనం ఏ షరతుల మీద మా ఊరి డీలర్ దుకాణానికి వస్తుంది? జన్యువును సవరించిన క్రిస్పర్ పద్ధతి మీద ప్రధాన పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. పరిశోధన కోసం వాడుకోవడం వేరు, దానితో చేసిన విత్తనాన్ని లక్షల ఎకరాలకు అమ్మడం వేరు. ఆ లెక్క తేలకుండా పండగ చేసుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఎందుకంటే ఈ సినిమా మేం ఇంతకుముందే చూశాం.

1997-98లో లద్దె పురుగు, పనిచేయని మందులు, తీరని అప్పులు కలిసి వరంగల్ పత్తి రైతుల ప్రాణాలు తీసిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. ఆ పుండు ఆరకముందే, పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. బీటీ మొదట్లో పనిచేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. కాయతొలిచే పురుగుకు కొట్టే మందులు తగ్గాయి, దిగుబడి పెరిగింది. ల్యాబ్ తన పని తాను చేసింది. పాడైంది ఆ తర్వాతే, అదీ వ్యాపార నిర్ణయాల దగ్గర.

మొదటి నిర్ణయం హైబ్రిడ్. చాలా దేశాల్లో బీటీ జన్యువును రైతు విత్తనం దాచుకోగల సూటి రకాల్లో పెట్టారు. మన దేశంలో దాదాపు మొత్తం హైబ్రిడ్లలోనే పెట్టారు. హైబ్రిడ్ అయితే రైతు విత్తనం దాచుకోలేడు, ఏటా కొనాల్సిందే. చట్టంతో పనిలేకుండానే కంపెనీకి దొరికిన కాపలా అది. కానీ ఎడంగా నాటి, జనవరి ఫిబ్రవరి దాకా చేనులో ఉంచే ఈ పత్తి, సీజన్ చివర్లో వచ్చే గులాబీ రంగు పురుగుకు పీట వేసినట్టయింది. పైగా హైబ్రిడ్ మొక్క కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు. కొన్నింట్లో విషం ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. గింజను తిని బతికే పురుగుకు అంతకన్నా మంచి శిక్షణ ఏముంటుంది? గుజరాత్‌లో మొదటి తరం బీటీని ఈ పురుగు తట్టుకుంటోందని 2010లో ఆ టెక్నాలజీ యజమాని మోన్‌శాంటో కంపెనీయే ప్రకటించింది. కొన్నేళ్లలో రెండో తరం గతీ అంతే అయింది.

రెండో నిర్ణయం, 120 గ్రాముల చిన్న ప్యాకెట్. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు మామూలు పత్తి గింజలు విడిగా ఇచ్చేవారు. వాటిని చేను చుట్టూ కనీసం ఐదు వరుసలు నాటాలి. పురుగు అక్కడ బతికితే బీటీకి అలవాటుపడటం ఆలస్యమవుతుంది. దీన్నే రెఫ్యూజీ అంటారు. మా బాపు ఆ ప్యాకెట్ పట్టుకుని అడిగితే డీలర్ చెప్పిన మాట నాకింకా గుర్తుంది: "అవి పెడితే పురుగు తింటది, పక్కన పడెయ్ పటేలా." మా బాపు పడేశాడు. ఊరంతా పడేసింది. రైతు అజ్ఞానం వల్లనే ఇదంతా జరిగిందని ఇప్పటికీ సభల్లో చెబుతుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. రెండెకరాల రైతును ఐదో వంతు చేను పురుగుకు వదిలెయ్యమన్నారు. దానివల్ల కలిగే లాభం దేశంలోని పత్తి మొత్తానికి, కంపెనీ టెక్నాలజీ ఆయుష్షుకు. నష్టం ఆ ఒక్కడికి. పరిహారం పైసా లేదు. అలాంటి షరతుకు ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

ఫీజు మాత్రం లెక్కతప్పకుండా వసూలైంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్యాల కమిషన్‌కు ఎక్కే నాటికి 1,850 రూపాయల ప్యాకెట్‌లో 1,250 టెక్నాలజీ ఫీజే. మొదటి తరం బీటీకి మన దేశంలో పేటెంటే లేదు. లైసెన్స్ ఒప్పందాలతోనే అంత రాబట్టారు. ఒప్పందం ఎంత బలమైనదో చూడండి. ఆ తర్వాత ప్యాకెట్ ధర 750కి దిగింది, కేంద్రం 2016 నుంచి ఫీజు కోస్తూ వచ్చి 2020లో సున్నా చేసింది.

ఇలా చేస్తే కొత్త పరిశోధనకు ఎవరు డబ్బు పెడతారని కంపెనీలు అడుగుతాయి. అర్థం లేని ప్రశ్న కాదది. కలుపు మందు తట్టుకునే తర్వాతి తరం పత్తి దరఖాస్తును 2016లో వెనక్కి తీసుకున్నారు. అదే లక్షణమున్న విత్తనం అనుమతి లేకుండా, బిల్లు లేకుండా 'బీజీ-3' పేరుతో మంచిర్యాల, ఆసిఫాబాద్ పల్లెల్లోకి దొంగచాటుగా వస్తోంది. కాబట్టి సున్నా ఫీజును నేనూ సమర్థించను.

నేనడిగేది ఫీజును పనితీరుకు ముడిపెట్టమని. విత్తనం పురుగును ఆపినన్నాళ్లూ పూర్తి ఫీజు తీసుకోండి. పురుగు తట్టుకోవడం మొదలైందని స్వతంత్ర పరీక్షలో తేలిన ఏడాది నుంచి ఫీజు తగ్గాలి. ఫీజులో కొంత వాటా రెఫ్యూజీ వరుసలు వేసిన రైతుకు నేరుగా చేరాలి. అప్పుడు టెక్నాలజీని కాపాడటం కంపెనీకీ రైతుకూ ఒకే పని అవుతుంది. మా బాపు ఆ చిన్న ప్యాకెట్‌ను పడేసేవాడు కాదు.

ఇది కలల మాట కాదు. ముందే షరతు రాసుకుంటే ఏమవుతుందో హైదరాబాద్ పక్కన టీకాలు, మందుల పరిశ్రమలున్న జీనోమ్ వ్యాలీలోనే చూడొచ్చు. పసిపిల్లల విరేచనాలను అడ్డుకునే రోటావ్యాక్ టీకాకు మూలమైన వైరస్ ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికింది. ప్రభుత్వ సంస్థలు, విదేశీ దాతలు, భారత్ బయోటెక్ కలిసి పనిచేశారు. డోసు ఒక డాలరుకు ఇస్తామని కంపెనీ టీకా మార్కెట్లోకి రాకముందే మాటిచ్చింది. 2016 నుంచి అది ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఉంది. ధర, బాధ్యత ముందే తేల్చుకున్నారు కనుకే ఆ టీకా పేదపిల్లల దాకా వచ్చింది.

వరంగల్‌కు కూడా ఒక జీనోమ్ వ్యాలీ కావాలని మన నాయకులు తరచూ అంటుంటారు. భవనాల కంటే ముందు మన దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని చూడమంటాను. వరంగల్ సన్నాలు ఇచ్చిన వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇక్కడుంది. నిట్‌లో, కాకతీయ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ విభాగాలున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, దేశంలో హైబ్రిడ్ వరి విత్తనంలో పెద్ద భాగం ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల మళ్లలోనే పండుతుంది. ఆడ వరుసలు, మగ వరుసలు విడిగా నాటి, పూత సమయంలో తాడు లాగి పుప్పొడి దులిపే రైతు ఈ పరిశ్రమలో నిపుణుడు. కానీ అతని చేతిలో కంపెనీ సంతకం ఉన్న కాగితం ఉండదు. కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడే ఆర్గనైజర్ నోటిమాటే ఒప్పందం. మొలక శాతం తక్కువొచ్చిందని లాట్ తిరస్కరిస్తే అడిగే దిక్కుండదు. ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం వైపు విత్తన మొక్కజొన్న వేసి దెబ్బతిన్న ఆదివాసీ రైతులు 2025లో పరిహారం కోసం రోడ్డెక్కింది ఇందుకే.

కాబట్టి కమల విత్తనం ఈ మళ్లలోకి రాకముందే రెండు కాగితాలు బయటపెట్టాలి. ఒకటి, క్రిస్పర్ పేటెంట్‌దారులతో కుదిరే లైసెన్స్: ఫీజు ఎంత, ఎన్నేళ్లు, రైతు తన విత్తనం దాచుకోవచ్చా లేదా. రెండు, ఆ విత్తనాన్ని పెంచే రైతుతో కంపెనీ నేరుగా చేసుకునే ఒప్పందం: పంట పోతే ఎవరు ఎంత కడతారు. రెండూ తెలుగులో ఉండాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర అంటించాలి.