ముగ్గులోకి దించారు

భోగి పొద్దున అనంతపురంలో మా కాలనీవాళ్లు ముగ్గుల పోటీ పెట్టారు. లెక్కల సారు కదా అని నన్ను జడ్జిని చేశారు. వద్దంటే సెక్రటరీ వినలేదు. పైగా చుక్కల లెక్కకు 10 మార్కులని రూలు పెట్టిందీ ఆయనే. లెక్కపెట్టాల్సింది మాత్రం నేను.

మూడో ఇంటి ముందు నడిమి వరసలో 15 చుక్కలు, అటూ ఇటూ వరసకొకటి తగ్గుతూ 8 వచ్చేదాకా సందు చుక్కలు. "గట్టున నిలబడి చూస్తే కుదరదు సార్, లోపలికెళ్లి చూడండి, మళ్లీ గొడవలొస్తాయి" అని సెక్రటరీ మైకులో అరిచాడు. చెప్పులు విప్పి వెళ్లాను. చుక్కకూ చుక్కకూ మధ్య జానెడు జాగా. మునివేళ్ల మీద నిలబడి లెక్కపెడుతుంటే, "టైమైపోతాంది, మీ పని మీరు కానీండి సార్" అంటూ ఆ ఇంటావిడ అంచు నుంచి చుక్కల చుట్టూ మెలిక గీత మొదలుపెట్టింది.

120 దాటాక తలెత్తి చూస్తే చుట్టూ గీతలే.

ఇది నేను క్లాసులో చెప్పే పాఠమే. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లో 7 వంతెనలు, ఒక్కోదాన్ని ఒక్కసారే దాటుతూ అన్నీ చుట్టి రావడం కుదరదని 1736 ప్రాంతంలో ఆయిలర్ అనే గణితవేత్త తేల్చాడు. ప్రతి కూడలిలోనూ సరిసంఖ్యలో దారులుంటే మాత్రం బయల్దేరిన చోటికే రావచ్చు. మెలికల ముగ్గులో గీతలు దాటుకునే ప్రతిచోటా నాలుగు దారులు. ఆవిడ హాయిగా చుట్టి వచ్చేసింది. మధ్యలో ఇరుక్కున్నవాడు ఎలా రావాలో ఆయిలర్ చెప్పలేదు.

ఇంకో పరీక్ష ఉంది. నిలబడ్డ చోటు నుంచి తిన్నగా వీధిలోకి చూస్తే అడ్డొచ్చే గీతలు బేసిసంఖ్యలో ఉంటే మనం లోపలున్నట్టే. నాకు 9 వచ్చాయి. ఒంటికాలి మీద ఈ లెక్క చేసి చూడండి, తెలుస్తుంది.

అరుగు మీది అవ్వ ఇక ఉండబట్టలేకపోయింది. "ఏమప్పా, ఇంకా లెక్కపెడుతుండావా? నడిమి పదిహేను పక్కన పెట్టు. ఎనిమిదీ పద్నాలుగూ ఇరవై రెండు. అట్లాంటి జతలు ఏడు. అంతా కలిపి నూట అరవై తొమ్మిది."

అంతటితో ఊరుకుందా! 4 వరసల్లో నాలుగేసి చుక్కలు పెడితే 4 మెలికలు విడివిడిగా వేయాలట, అదే ఐదేసి చుక్కలైతే ఒక్క మెలికతో అయిపోతుందట. అంటే వరసలకూ చుక్కలకూ గ.సా.భా., అదే రెంటినీ శేషం లేకుండా భాగించే పెద్ద సంఖ్య, ఎంతో అన్ని మెలికలు! కాళ్లు తిమ్మిరెక్కుతున్నా 6కీ 9కీ మనసులో గీసి చూశాను. మూడే. అవ్వ ఏ బళ్లో చదివిందో అడుగుదామంటే సెక్రటరీ మైకు ఆపడే! "జడ్జిగారు ముగ్గులోనే ఉన్నారు, జడ్జిగారు ముగ్గులోనే ఉన్నారు."

ఎలా బయటపడ్డానో కాలనీ గ్రూపులో వీడియో ఉంది, చూసుకోండి.

శుభ్రతలో ఆ ముగ్గుకు సెక్రటరీ 2 మార్కులు కోశాడు. మధ్యలో పాదముద్రలున్నాయట. ఆ ఇంటావిడ మాకు పాలు పోసే ఆమెకు సొంత అక్క. ఇవాళ పాలు రాలేదు.